తూర్పు ముఖంగా పెట్టిన సున్నా

సన్నిబాబు మంచం కోళ్ల కింద అట్టముక్కలు పెట్టడం మొదలుపెట్టిన రోజు ఇంట్లో ఎవరూ దాన్ని పెద్ద విషయంగా తీసుకోలేదు. మగాడు ఇంటిపని ముట్టుకోవడమే గొప్ప, ఎందుకు ముట్టుకున్నావని అడిగేదెవరు? మంచం ఎడమకి వాలుతోందన్నాడు, సరే అన్నారు. మర్నాడు టీవీ బల్ల వాలుతోందన్నాడు. ఆ తర్వాత గ్యాసు పొయ్యి. ఆ పొయ్యి మీద అతని పెళ్లాం ప్రవల్లిక అట్టు పోస్తే పిండంతా కుడిపక్కకి జారి, అటు దిబ్బరొట్టె, ఇటు చిల్లుల కాగితం తయారైంది.

“బావా, మీ అమ్మలాగే ఈ అట్టు కూడా ఒక పక్కకే మొగ్గుతంది సూడు” అని ఆమె నవ్వింది.

వసారాలో చింతపండు పిక్కలు తీస్తున్న అత్త పైడమ్మ ఊరుకుంటుందా? “మొగ్గుతానే. నా కొడుకు ఇల్లు సదురుకుంటన్నాడు. మీ మావ బతికుండగా ఒక్కనాడు మేకు కొట్టినాడేటి?” అంది.

మేనరికం కనక ఆ ఇంట్లో కోడలికీ అత్తకీ మధ్య ఇలాంటి మాటలు అలవాటే. సన్నిబాబు కూడా నవ్వాడు. అతను నవ్వితే బాగుంటాడు. అనకాపల్లి నుంచి లంబసింగి ఘాటు రోడ్డు మీదుగా ఏజెన్సీ ఊళ్లకి తిరిగే అంబులెన్సు డ్రైవరు. నొప్పులు పడుతున్న ఆడవాళ్లని, పాము కరిచినవాళ్లని వానలో కొండ దించడం అతని పని. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడని నర్సులే చెప్పుకుంటారు.

ప్రవల్లికకి భయం పట్టుకున్నది ఆ ఆదివారం. సన్నిబాబు మంచానికి మరో అట్టముక్క ఎక్కించి, దూరం నుంచి చూసుకుని, బాగుందనుకున్నాడు. కూతురు మైథిలి చెప్పు మంచం అవతల పడితే తీసిద్దామని అటువైపు వెళ్లాడు. వెళ్లి, వంగబోయి ఆగిపోయాడు.

“ఏటే ఇది? ఇటు ఒరిగిపోనాది!”

ఇందాక పెట్టిన ముక్కలన్నీ లాగేసి ఈ పక్క కోళ్ల కింద పెట్టాడు. ప్రవల్లిక చేతిలో గిన్నె కింద పెట్టేసింది. ఇటు నుంచి చూస్తే ఇటూ, అటు నుంచి చూస్తే అటూ వాలే మంచం లోకంలో ఎక్కడా ఉండదు. వాలుతున్నది మంచం కాదు.

“బావా, ఒకసారి కళ్లు మూసుకుని తిన్నగా నిలబడు” అంది.

“ఎందుకే?”

“ఊరికే. పిల్ల ఎత్తెంతొచ్చిందో నీ పక్కన సూద్దారి.”

అతను గోడ పక్కన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఆమె తన పనిసంచిలోంచి రసమట్టం తీసి అతని భుజాల మీద పెట్టింది. మేస్త్రీలు వాలు చూడ్డానికి వాడేదే, కాకపోతే అంకెలు చూపిస్తుంది. కుడిభుజం రెండు డిగ్రీల పైచిలుకు కిందికి దిగి ఉంది. అతని మొహంలో మాత్రం నిటారుగా నిలబడ్డ మనిషి నిశ్చింత ఉంది.

ఆ అంకె ఎక్కడిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

*

ప్రవల్లిక పని బళ్లకి సున్నా పెట్టడం. ఊరి బయట హైవే పక్కన డాక్టర్ నళినీకాంత్ ప్రయోగశాల ఉంది, దానికి ఆనుకుని షెడ్డు ఉంది. ఆమె పాలిటెక్నిక్ చదివి ఆ షెడ్డులో చేరింది. ఏ బండికైనా బరువు మోసే కమాన్ పట్టీలు మార్చినా, చక్రాలు సరిచేసి అలైన్‌మెంటు చేసినా, బండి నిలబడే తీరు మారుతుంది. కానీ బండి పొట్టలో కూర్చుని అది తూలకుండా, జారకుండా కాపలా కాసే సెన్సర్లకి ఆ సంగతి తెలీదు. అవి పాత లెక్కలోనే ఉంటాయి. అందుకని బండిని మట్టంగా ఉన్న నేల మీద పెట్టి, స్టీరింగు తిన్నగా ఉంచి, ఎవరూ కదలకుండా, “ఇదిగో, ఇదీ తిన్నగా అంటే. ఒరగడం ఇక్కణ్ణుంచి లెక్కపెట్టుకో” అని దానికి చెప్పాలి. ఇది అన్ని ఊళ్ల షెడ్లలోనూ చేసేదే.

ఈ షెడ్డులో మాత్రం సున్నా బండికొక్కదానికే పెట్టరు. డ్రైవరుకి కూడా పెడతారు.

“చక్రం జారబోతున్నట్టు బండికి ముందు తెలుస్తుంది, మనిషికి తర్వాత తెలుస్తుంది. ఆ సందులోనే ప్రాణాలు పోతున్నాయమ్మా” అనేవాడు నళినీకాంత్. ఆ సందు పూడ్చడానికి ఆయన చెవిపట్టీ చేశాడు. చెవి వెనక అతుక్కునే బిళ్ల అది. బండి ఎటు ఒరిగినా, ఏ చక్రం పట్టు వదిలినా, ఆ సంగతి తిన్నగా డ్రైవరు లోపలి చెవికి అందిస్తుంది. మనిషి తూలితే మనిషికి ఎలా తెలుస్తుందో, బండి తూలినా అలాగే తెలుస్తుంది. సన్నిబాబు మొదటిసారి అది పెట్టుకుని ఘాటు ఎక్కి దిగొచ్చి, “రోడ్డు నా అరికాళ్లకి తగిలిందే! సెప్పుల్లేకుండా పొలంగట్టు మీద నడిసినట్టుంది!” అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఆ ఏడు వానాకాలంలో ఘాటు మీద ఒక్క అంబులెన్సు కూడా లోయలోకి పోలేదు. నళినీకాంత్‌ని ఊరంతా దేవుడన్నారు. ఆ మాట అన్నవాళ్లలో ప్రవల్లిక కూడా ఉంది.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో సన్నిబాబు బండికి కమాన్ పట్టీలు మార్చారు, అలైన్‌మెంటు చేశారు. ఇక సున్నా పెట్టాలి. దానికోసం షెడ్డులో మట్టంగా పోసిన నేల ఒకటుంది, గాజుపలకలా ఉంటుంది. కానీ హైవే వాటాన్ని బట్టి కట్టడం వల్ల అందులో పెట్టిన బండి మొహం దక్షిణానికి ఉంటుంది.

ఆ రోజు పైడమ్మ పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పట్టుకుని షెడ్డుకి వచ్చింది. కొత్త కాళ్లు కట్టిన బండికి పూజ చెయ్యకుండా ఎలా? బండి మొహం చూసి గుమ్మంలోనే గుండెలు బాదుకుంది.

“దక్షిణం మొహంగా పెట్టి మొదటి తాళం తిప్పుతారేటే! యముడికి ఎదురు సూపిస్తావా నా కొడుకుని? తూరుపుకి తిప్పు.”

“అత్తా, ఇక్కడ నేల మట్టం...”

“బయట నేల నేదేటి? బేగి తిప్పు, రాహుకాలం వొచ్చెస్తంది.”

సన్నిబాబు స్టీరింగు ముందు కూర్చుని పెళ్లాంకేసి చూశాడు. అతనికీ అదే మనసులో ఉందని ఆమెకి తెలుసు. ఘాటు ఎక్కేవాడికి నమ్మకాలు ఉంటాయి. నిజం చెప్పాలంటే దక్షిణం అనేసరికి ఆమె మనసు కూడా పీకింది. తాళి కట్టినవాడు కదా, ఏం చదువు అడ్డొస్తుంది?

బండిని బయట బళ్లు కడిగే ఆవరణలో తూర్పుకి తిప్పారు. పైడమ్మ కొబ్బరికాయ కొట్టింది. ప్రవల్లిక రసమట్టాన్ని బండి పొడుగునా పెట్టి చూసింది, బాగుంది. అడ్డంగా కూడా పెట్టి చూడాలి. చూసేలోపు అత్త “అయిపోతందే, టైమైపోతంది!” అని కేకలు. బళ్లు కడిగిన నీళ్లు కాలవలోకి పోవడానికి ఆ నేలని ఒక పక్కకి వాలుగా పోస్తారని ఆమెకి తెలియనిది కాదు. ఆ క్షణాన గుర్తు రాలేదు. సన్నిబాబు చెవిపట్టీ పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆమె మీట నొక్కింది. బండీ, మనిషీ ఇద్దరూ కలిసి తిన్నగా అంటే అదే అని నేర్చుకున్నారు.

సాయంత్రం నళినీకాంత్ అడిగాడు, “షెడ్డులోనే పెట్టావు కదమ్మా?”

“అవును సార్” అంది. దక్షిణం అంటే అత్త ఒప్పుకోలేదని చెప్తే ఆయన ముందు చిన్నబోవాల్సి వస్తుందని ఆ చిన్న అబద్ధం ఆడింది.

*

మంచం సర్దిన ఆదివారానికి మర్నాడు, సోమవారం పొద్దున్నే ప్రవల్లిక వెళ్లి ఆ ఆవరణలో అడ్డంగా మట్టం పెట్టి చూసింది. భుజాల మీద కనిపించిన అంకే.

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, బండీ డ్రైవరూ ఒకే తప్పుని నమ్ముతున్నారు. ఇద్దరి మధ్యా తేడా లేదు. ఆ తేడా చూపించే ప్రయోగశాల తెర మీద సన్నిబాబు పేరు ఎదురుగా ఎప్పుడూ ‘అంతా బాగుంది’ అనే పచ్చరంగే. చెవిపట్టీ తీసేశాక కూడా ఆ వంకర మనిషిలో ఉండిపోతుందని నళినీకాంత్‌కి సైతం తట్టలేదు. మిగతా డ్రైవర్లకి పెట్టిన సున్నా సరైనది కాబట్టి వాళ్లలో ఉండిపోయినా ఎవరికీ కనబడలేదు. చెవిపట్టీ గొంతు పెద్దది. అది అసలు చెవి నోరు మూయించడంతో, మెదడు పట్టీ మాటే వినడం నేర్చుకుంది.

ఘాటు మీద ఇంకో ప్రమాదం ఉంది. మనిషి వంకరకి మనిషి సర్దుకుంటాడు, కానీ బండి తనంతట తాను వేసే బ్రేకు ఆ తప్పు లెక్కనే నమ్ముకుని ఒక పక్క మలుపుల్లో ముందే పట్టేస్తుంది. పొడినేల మీద పర్వాలేదు. వానలు పడితే? వెనక నొప్పులు పడుతున్న ఆడమనిషి ఉంటే?

ఎవరికీ చెప్పకుండా సరిచేసేద్దామనుకుంది. బ్రేకు ఆయిలు చూడాలని వంక పెట్టి బండిని షెడ్డులోకి రప్పించింది. పొడుగూ అడ్డమూ చూసి, అసలైన సున్నా పెట్టింది. బండి మరిచిపోయి నేర్చుకున్నట్టే మొగుడూ నేర్చుకుంటాడనుకుంది.

సన్నిబాబు బండి ముందుకి దూకించాడు. గేటు దగ్గరకి వచ్చేసరికి ఒక్క అరుపు అరిచి స్టీరింగు కుడికి లాగేశాడు. బండి కుడి స్తంభాన్ని గీరుకుంటూ ఆగింది. ఆమె పరిగెత్తుకెళ్లేసరికి అతని మొహమంతా చెమటలు.

“ఎడం పక్కకి పడిపోతంది బండి! నువ్వు సూడ్లేదేటి? బోర్లా పడిపోయీదే, నేను లాగినాను గాబట్టి ఆగింది!”

“బావా, బండి తిన్నగానే ఉంది...”

“ఏం సేసినావే నా బండిని? ముందులాగ పెట్టు. ముందులాగ పెట్టీ!” అతను స్టీరింగు వదల్లేదు.

కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. బండి జ్ఞాపకంలో పాత సున్నా ఇంకా ఉంది. ఆమె దాన్ని వెనక్కి తెచ్చింది. అతను స్టీరింగు మీద తల ఆనించి, “అమ్మయ్య” అన్నాడు. మొదటిసారి తెలియక చేసింది. ఈసారి కళ్లు తెరుచుకుని చేసింది. గేటు స్తంభానికి సున్నం వేయించి ఇంటికి వెళ్లిపోయింది.

వానలకి ఇంకా టైముంది, ఈలోగా ఏదో దారి దొరుకుతుంది అనుకుంది. తప్పు చేసినవాళ్లు దారి వెతికేది ఎప్పుడూ రేపే.

*

ఇంట్లో ఉన్నంతసేపూ సన్నిబాబుకి సుఖం లేకుండా పోయింది. గుమ్మం దాటితే కుడి తలుపుకి భుజం తగిలేది. బిందె ఎత్తితే నీళ్లు ఒలికేవి. స్టీరింగు ముందు కూర్చుంటేనే లోకం కుదురుగా ఉండేది. సెలవు రోజున కూడా ఏదో వంకతో బండి దగ్గరకి పోయి కూర్చునేవాడు. వీధిలో వాళ్లు చెవులు కొరుక్కోవడం మొదలైంది. వాళ్ల నాన్నకి తాగుడుండేది. కొడుకూ అదే దారి పట్టాడన్నారు.

ఆ మాట అతని చెవిన పడింది. ఆ రోజు ఇంటికొచ్చి ప్రవల్లిక ఎదురుగా నిలబడి, “ఊదమంటావా? నా నోరు వాసన సూడు. నువ్వైనా సూసి సెప్పు” అన్నాడు.

ఆమె దొంగకి తేలు కుట్టినట్టు లోపల్లోపలే ఏడ్చింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మైథిలిని భుజాల మీద ఎక్కించుకుని కాలవగట్టు మీద కొంగల్ని చూపిస్తానని బయల్దేరాడు. పిల్లకి మూడేళ్లు. నాన్న జుట్టు పట్టుకుని గుర్రం ఆట. ప్రవల్లిక గుమ్మంలో నిలబడింది. ‘వద్దు బావా, గట్టు మీదకి వద్దు’ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎందుకొద్దని అడిగితే ఏం చెప్పాలి? చెయ్యి ఊపింది.

కాసేపటికి వీధి చివరి నుంచి కేకలు వినిపించాయి. గట్టు మీద నడుస్తూ నడుస్తూ కుడికి జరిగిపోయి, అంచు దాటి, రాళ్ల మీదకి జారాడు. పిల్ల ముందు పడింది. జబ్బ దగ్గర ఎముక విరిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టి, చెయ్యి మెడకి వేలాడదీశారు. “తలకి తగల్లేదు, అదృష్టవంతులు” అన్నాడు డాక్టరు.

పైడమ్మ దిష్టి తీసింది. ఎర్రనీళ్లు తిప్పి నాలుగు వీధుల మొగలో పోసింది. చెట్టుమందులాయన ఇచ్చిన వేరు కొడుకు మొలకి కట్టింది. అన్నిటికీ అతను తల వంచాడు. ఆ తర్వాత పిల్లని ముట్టుకోవడం మానేశాడు. అది “నానా, ఎత్తుకో” అని ఒక చెయ్యి చాపితే, గోడకి ఆనుకుని కూర్చున్నవాడు రెండు చేతులూ వీపు వెనక పెట్టుకునేవాడు.

అది చూశాక ప్రవల్లిక ఇక ఆగలేకపోయింది.

*

నళినీకాంత్ మొత్తం విన్నాడు. కోపగించుకుంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“తప్పు నీ చేత్తో జరిగింది. కానీ తప్పు పట్టే దారే లేకుండా చేసింది నేను. మనిషికి సొంత తూకం ఒకటి ఉంటుంది, అది చెడిందా లేదా అని బండిని అడిగితే తెలీదు. అది నేను ఆలోచించలేదమ్మా.”

ఆ పూటే డ్రైవర్లందరి చెవిపట్టీలూ వెనక్కి తెప్పించాడు. సన్నిబాబు బండికి వేరే డ్రైవరునీ, సరైన సున్నానీ పెట్టించాడు.

“మరి మా బావ, సార్? మళ్లీ నేర్పలేమా?”

“ఒక్కసారిగా మారిస్తే ఏమైందో చూశావు. షెడ్డులో కదలని సీట్లో చెవిపట్టీ పెట్టి కూర్చోబెట్టి, సున్నాని రోజుకి వెంట్రుకంత చొప్పున జరుపుకుంటూ రావాలి. నెలలు పడుతుంది. ఈలోగా అతనికి తిన్నగా అంటే ఏమిటో లోపల్నించి తెలీదు. బయట నుంచి ఎవరో చెప్తూ ఉండాలి. తన ఒళ్లు ఒకటి చెప్తుంటే, ఎదుటి మనిషి మాట నమ్మి దాన్ని కాదనాలి. అది తేలిక కాదు.” ఆయన లేచి, “నేను వచ్చి చెప్తాను అతనికి” అన్నాడు.

“వద్దు సార్. నేనే చెప్పాల.”

మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో చెప్పింది. పైడమ్మ తమలపాకులు తుడుస్తోంది. పిల్ల ఒంటిచేత్తో బంతి దొర్లిస్తోంది.

“బావా, నీకు జబ్బు లేదు.”

అతను తల ఎత్తాడు. ఆమె ఎక్కడా ఆగకుండా కడిగే ఆవరణ, వాలు, మీట, సార్‌కి చెప్పిన అబద్ధం, గేటు దగ్గర పాత సున్నా వెనక్కి తెచ్చిన సంగతి అన్నీ చెప్పేసింది. సన్నిబాబు మొహం మెల్లగా విచ్చుకుంది.

“అమ్మా! ఇన్నావా? నాకు ఏటీ నేదంట! పిచ్చీ నేదు, నాన్న రోగమూ నేదు!” అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగింది. “నీకెప్పుడు తెలిసినాది?”

“నువ్వు మంచం సర్దిన ఆదివారమే.”

“అంటే పిల్లనెత్తుకుని గట్టు మీదకి ఎల్తన్నప్పుడు నీకు తెలుసు.”

“తెలుసు.”

“గుమ్మంలో నిలబడి సెయ్యి ఊపినావు.”

ఆమె బంతి దొర్లించుకుంటున్న పిల్ల వైపు చూసింది.

పైడమ్మ తమలపాకులు కింద పడేసింది. “తూరుపుకి తిప్పమన్నది నేను గదే. నా కొడుకుని నేనే...”

“నువ్వు తిప్పమన్నావత్తా. మట్టం సూడొద్దన్లేదు. అది నా పని.”

సన్నిబాబు గోడ పట్టుకుని లేచాడు. “సీటు మీద కూకుంటాను. మీరేం సేస్తే అది సెయ్యండి. కానీ తిన్నగున్నానో నేదో నువ్వు సెప్పొద్దు. నీ మాట నాకొద్దు” అన్నాడు.

వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గరకెళ్లి, గోడ తూకం చూసే దారమూ గుండూ అడిగి తెచ్చుకున్నాడు. వసారా దూలానికి వేలాడదీశాడు. పొద్దున షెడ్డుకి పోయి కదలని సీట్లో కూర్చునేవాడు. ప్రవల్లిక మీట నొక్కేది, సున్నా వెంట్రుకంత జరిగేది, అతను పళ్లు బిగబట్టి కుర్చీ చేతులు పట్టుకునేవాడు. ఇంటికొచ్చాక ఆ దారం ఎదురుగా నిలబడి, దాన్ని చూస్తూ ఒళ్లు సర్దుకునేవాడు. దారానికి ఎదురుగా ఉన్నంతసేపూ తిన్నగానే ఉండేవాడు. చూపు తిప్పితే ఒరిగిపోయేవాడు. వీధిలోకి వెళ్లాలంటే గోడ పట్టుకునే. పెళ్లాంతో అన్నం, నీళ్లు మాటలు తప్ప ఇంకేమీ లేవు. రాత్రి పడక పక్కనే గానీ, మధ్యలో నది ఉన్నట్టుండేది.

ఆమెకి కోపం రాలేదనడం అబద్ధం. ‘చెప్పకపోతే తెలిసేదే కాదు కదా’ అని ఒక్కోసారి మనసు గింజుకునేది. పిల్ల చేతి కట్టు చూసేసరికి ఆ కోపం ఎటో పోయేది.

*

వానలు మొదలయ్యాయి. ఘాటు మీద సన్నిబాబు బండిని ఇప్పుడు వేరేవాడు నడుపుతున్నాడు. సైరన్ వినబడితే సన్నిబాబు వసారాలోంచి లేచి నిలబడేవాడు, మళ్లీ కూర్చునేవాడు. అతను మళ్లీ ఎప్పటికైనా బండితో ఘాటు ఎక్కగలడో లేదో నళినీకాంత్ కూడా చెప్పలేకపోయాడు.

పిల్ల కట్టు విప్పిన రోజు ఆసుపత్రి నుంచి నలుగురూ ఆటోలో వచ్చి వీధి మొగలో దిగారు. మైథిలి చాన్నాళ్లకి రెండు చేతులూ దొరికిన సంబరంలో గంతులేస్తోంది. బురద చూసి తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

“నానా, ఎత్తుకో. రెండు సేతుల్తో పట్టుకుంటాను.”

సన్నిబాబు అటూ ఇటూ చూశాడు. వీధి మధ్య. గోడ లేదు, దారం లేదు. పిల్ల రెండు చేతులూ అలా చాపే ఉంది. ఎప్పటికో అతను వంగాడు. పిల్లని ఎత్తి గుండెకి ఆనించుకుని, కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. ముక్కు మీద చెమట చుక్క.

“నా తండ్రే! సూదిలాగ నిలబడినావురా!” పైడమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఇంకేటి, బాగయిపోనాడు నా కొడుకు.” అరుగుల మీద కూర్చున్నవాళ్లు కూడా తలలాడించారు.

సన్నిబాబు వాళ్లెవరినీ చూడలేదు. ప్రవల్లిక వైపు చూశాడు.

“ఏటే. తిన్నగున్నానా?”

ఇన్ని వారాల్లో అతను ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది. అతని మొహం నిండా ఆశ. అవునంటే చాలు, ఈ రోజు పండగైపోతుంది. అత్త మెచ్చుకుంటుంది, వీధి నోరు మూతపడుతుంది, రాత్రికి మొగుడు మాట్లాడతాడేమో కూడా. అతని కుడిభుజం ఏ మాత్రమో, అర వేలు మందం కిందికి దిగి ఉంది. ఆమె కన్ను తప్ప ఇంకెవరి కన్నూ పట్టుకోలేనంత.

“నేదు బావా” అంది. “కుడికి ఒరిగినావు.”

“నోరు ముయ్యవే!” పైడమ్మ మండిపడింది. “వాడు నిలబడ్డమే...”

“ఉండమ్మా” అన్నాడు సన్నిబాబు. పిల్లని గట్టిగా పట్టుకుని, ఎడమకి కొద్దిగా జరిగాడు. ఒళ్లంతా ‘పడిపోతున్నావు’ అని అరుస్తోందని బిగిసిన అతని దవడ చూస్తే తెలుస్తోంది. “ఇప్పుడు?”

“ఇంకొంచెం.”

“ఇప్పుడు?”

ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడి, భుజాలు రెండూ చూసింది. మళ్లీ చూసింది.

“ఇప్పుడు తిన్నగున్నావు.”

అతను ఊపిరి బిగపట్టి అలాగే నిలబడ్డాడు. పడలేదు. మైథిలి అతని మెడ చుట్టూ రెండు చేతులూ వేసింది. ఇల్లు ఇంకా వీధి చివర ఉంది, మధ్యలో బురద గుంటలు.

“పక్కనే నడు” అన్నాడు ప్రవల్లికతో, ఆమె కేసి చూడకుండా. “ఒరిగితే సెప్పు.”

ఆమె అతని కుడిపక్కకి వచ్చింది. ఇల్లు చేరేలోపు చాలాసార్లు ఒరిగాడు. ఒరిగిన ప్రతిసారీ చెప్పింది.